మానాకి వెళ్ళిన కొబ్బరిమొక్క

తొంభై తొమ్మిది వేసవిలో కనకరాజు వేసిన బదరీ యాత్ర బస్సు అమలాపురం దాటకుండానే గొడవ మొదలైంది. ఐనవిల్లి చిన్నమ్మలు గోనెలో కట్టిన కొబ్బరిమొక్కతో బస్సెక్కింది మరి.

"సామాను టాపు మీద వెయ్యాలండీ," అన్నాడు కనకరాజు.

"ఇది సామాను కాదండీ, మా ఆయన పేరున మొక్క. మీ మామగారిని టాపు మీద కట్టి తీసుకెళ్తారేటండీ?"

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో ఉన్న మామగారూ నవ్వేశాడు. మొక్క చిన్నమ్మలు ఒళ్ళో కూర్చుంది.

పక్క సీటు అచ్చమ్మది. నోరు కట్టేసుకునే మనిషి కాదావిడ. ఆకు కంట్లో గుచ్చుకున్నప్పుడల్లా తిడుతూనే ఉంది. అయినా ఆవిడకి సంగతి తెలుసు. చిన్నమ్మలు ఇంట్లో ఎవరు పోయినా, పోయిన చోట కొబ్బరిమొక్క పాతి, పోయినవాళ్ళని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అప్పుడుగాని వాళ్ళు కుదుటపడరని నమ్మకం. చిన్నమ్మలు మొగుడు తాతబ్బాయి ఒకప్పుడు అచ్చమ్మ తోటలోనే చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాడు. తరవాత బదరీకి పైన, మానా ఊరు దాటి కనుమ దారిలో రోడ్డు పనికి వెళ్ళి మంచుచరియ కింద పడి చనిపోయాడు. కబురొచ్చింది గాని మనిషి దొరకలేదు. అప్పట్నుంచీ చిన్నమ్మలుకి అదే దిగులు.

మానాలో అన్నీ రాతి ఇళ్ళు. ఎండకి కూర్చుని ఉన్ని వడుకుతున్న ఒక ముసలమ్మ, చలికి వాలిపోయిన కొబ్బరాకుని నిమిరి ఏదో అంది.

"చలికాలం ఊరంతా మంచేనటండీ. మనుషులే కిందకి దిగిపోతారట. ఇది బతకదంటోందండీ," అన్నాడు డ్రైవరు.

"మంచుకొండకి కొబ్బరిమొక్క మోసుకొచ్చిన ఘనురాలివి నువ్వేనే!" అంది అచ్చమ్మ.

"తెలీక తెచ్చేనండీ. ఆయనా ఈ చలికి పుట్టినోరు కాదు గదండీ. పోన్లెండి, నాలుగు రోజులు తోడుంటాది."

ముసలమ్మ తన బంగాళాదుంప మడి పక్కన చోటు చూపించి గునపం ఇచ్చింది. చిన్నమ్మలు మొక్క పాతి, మట్టి సర్ది, కనుమ వైపు తిరిగి నిలబడింది. నోరు తెరిచింది. పేరు పైకి రాలేదు. పెళ్ళయిన నాటినుంచీ మొగుడి పేరు పలికిన మనిషి కాదు. రేషను షాపులో కూడా పక్కవాళ్ళచేత చెప్పించేది. పిలవడానికి పిల్లలా, లేరు.

చిన్నమ్మలు మట్టి చేతులతోనే అచ్చమ్మ చెయ్యి పట్టుకుంది.

"అచ్చమ్మగారూ, దింపుకి రాలేదని మా గుమ్మంలోకొచ్చి కేకలేసేవారే, అలాగ ఓపాలి పిలవండి. మీ గొంతయితే పలుకుతారు."