కోడికి డాక్టరా అన్నవాళ్ళకి

ఆ రోజు గ్రైండర్ ఆపితే గులాబి రాలేదు. ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

మాది పెరంబూరులో రైల్వే లైను పక్కన పాత ఇల్లు. కింద నేను, మా ఆయన, మా అత్త. మేడమీద మరిది, అతని భార్య, పిల్లలు. మా ఆయన అంబత్తూరులో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు, నేను ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాను. గ్రైండర్ చప్పుడు ఆగిందంటే చాలు, గులాబి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర రాలిన మినప్పప్పు ఏరుకునేది. గులాబి మా కోడి. బజారులో రంగు పూసి అమ్మే కోడిపిల్లల్లో ఒకదాన్ని, చూడలేక తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకు ఆ గులాబిరంగు పోయి మామూలు గోధుమరంగు పెట్ట అయింది. పేరు మాత్రం ఉండిపోయింది.

పిలుద్దామని వీధి గుమ్మంలోకి వెళ్ళేసరికి అది ఎదురింటి కుక్క నోట్లో ఉంది. నా చేతిలో పిండి గరిటె ఉంది. దాంతోనే కుక్క మూతి మీద ఒక్కటిచ్చాను. కుక్క కోడిని వదిలేసి వెనక్కి పోయింది. దాని యజమాని గేటు దగ్గరే ఉన్నాడు. కుక్క మెడకు ఉండాల్సిన తాడు ఆయన భుజం మీద తువ్వాలులాగా వేలాడుతోంది. ఆ మనిషి తమిళంలో ముందు అడిగిన మాట ఏమిటో తెలుసా? "ఏన్‌క్కా, నాయ అడిక్కిరీంగ?" కుక్కను ఎందుకు కొడుతున్నానట! నేను కోడిని ఒళ్ళోకి తీసుకుంటుంటే, "ఒరు కోళి దానేక్కా, వేరే వాంగి తరేన్" అన్నాడు. ఒక కోడే కదా, వేరేది కొనిస్తాడట.

"నీ కుక్కను నేను చంపేసి వేరేది కొనిస్తా, ఊరుకుంటావా?" అని తమిళంలోనే అరిచాను. వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. ఆయన లోపలికి పోయి గేటు వేసుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గులాబి వీపు మీద చర్మం తుండుగుడ్డలాగా లేచిపోయి కింద కండ కనిపిస్తోంది. ఒక రెక్క వేలాడిపోయింది. అరవడం లేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటోంది, అంతే. మా అత్త పరుగెత్తుకొచ్చింది, చేతిలో కాఫీపొడి డబ్బా. మా ఇంట్లో కూరగాయల కత్తికి వేలు తెగినా, పిల్లల మోకాలు పగిలినా ముందు కాఫీపొడి, ఆ పైన పసుపు. తరతరాలుగా అదే వైద్యం. "గట్టిగా పట్టుకోమే, నెత్తురు ఆగిపోతాది" అంటూ పిడికెడు తీసి గాయం నిండా అద్దింది. రెక్క ఎత్తి కింద కూడా కూరింది. నెత్తురు నిజంగానే ఆగింది. మేం మంచిపనే చేశామనుకున్నాం.

ఈలోగా మరిది మేడ దిగాడు. ఒకసారి వంగి చూసి, "వదినా, ఇంక ఇది తేరదు. పావం, ఊపిరి ఉండంగానే కోసేస్తే దానికీ నొప్పి ఉండదు. పైన మసాలా నూరమని చెప్తా" అన్నాడు.

జాలి, మసాలా రెండూ ఒకే నోట్లోంచి వచ్చాయి చూడండి! "నీ ఒంటికి గాయమైతే నీకూ ఇట్లనే చేస్తారా?" అని అడిగాను. నవ్వాడు. మేం కోడి తినేవాళ్ళమే, నేను కాదనను. పళ్ళు సగం ఊడినా మా అత్తకు ఆదివారం కోడికూర లేకపోతే ముద్ద దిగేది కాదు. అయితే ఏమిటి? కొట్టులో కొన్నది కూర, నా గ్రైండర్ చప్పుడుకు పరుగెత్తుకొచ్చేది గులాబి. ఈ తేడా తెలియనివాళ్ళకు చెప్పి తెలియజేసే ఓపిక నాకు లేదు.

గులాబిని అట్టపెట్టెలో పెట్టుకుని, ఆటో ఎక్కి ఒక పెట్ క్లినిక్‌కి వెళ్ళాను. అద్దాల తలుపులు, లోపల ఏసీ. కౌంటర్‌లో అమ్మాయి పెట్టెలోకి తొంగిచూసి, "బర్డ్స్ చూడం మేడమ్. ఎగ్జాటిక్ స్పెషలిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి" అంది. కోడి ఎగ్జాటికా! ఈ ఊళ్ళో ఏ సందులోకి పోయినా కాళ్ళకు అడ్డం పడే కోడి, వీళ్ళ తలుపు దాటేసరికి విదేశీ పక్షి అయిపోయింది. ఫస్ట్ ఎయిడ్ అయినా చేయమన్నాను. "డాక్టర్ గ్రూమింగ్‌లో ఉన్నారు" అంది. లోపల ఏదో బొచ్చుకుక్కకు హెయిర్ డ్రయ్యర్ పెట్టిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ అద్దం పగలగొట్టాలనిపించింది. పెట్టె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

మరునాడు పొద్దున్నే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అత్త కూడా వచ్చింది. మేకలు, వీధికుక్కలు, ఒక గుర్రం కూడా ఉన్నాయి. పెద్ద వయసు డాక్టరు. ఆయన తమిళంలో చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. పెట్టె తెరవగానే మొదటి ప్రశ్న, "ఇదేంటమ్మా, గాయమా, కాఫీ ఫిల్టరా?"

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఆయన సెలైన్‌తో కడిగి, నానబెట్టి, మళ్ళీ కడిగారు. "పొడి నెత్తురును ఆపలేదు, లోపల మూసిపెట్టింది. కుక్క పళ్ళలో ఉన్న ఇన్‌ఫెక్షన్ అంతా ఇప్పుడు మూత కింద ఉంది" అన్నారు. వీపు మీద డీప్ లేసరేషన్, అంటే లోతుగా చీలిన గాయం; రెక్క కింద పంక్చర్ ఊండ్, పన్ను దిగిన చిల్లు. రొమ్ము పక్కన చర్మం నొక్కి చూపించారు. వేళ్ళ కింద అప్పడంలాగా కరకరమంది. లోపల ఉండే గాలి సంచి, ఎయిర్ సాక్, లీకై గాలి చర్మం కిందికి వచ్చిందట. "కుట్లు వేయను, ఓపెన్ ఊండ్‌గానే, తెరిచి ఉండగానే మానాలి. యాంటీబయోటిక్ ఇస్తున్నాను. మందు వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత నేను చెప్పేదాకా దీని గుడ్డు గానీ మాంసం గానీ తినకూడదు."

"దీన్ని తినేదెవరు సార్?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, వెనక మేకతో నిలబడ్డతను నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "అయితే సరే. ఇంట్లో చూసుకోవాల్సింది మీరే, నేర్చుకోండి" అని ఒక్కొక్కటీ చూపించారు.

ఆయన చెప్పినట్టే చేశాను. పాత నూలుచీర పరిచిన పెట్టెలో, మసక వెలుతురులో, వెచ్చగా, ఒంటరిగా ఉంచాలి. తువ్వాలు చుట్టి పట్టుకోవాలి, వెల్లకిలా మాత్రం పడుకోబెట్టకూడదు, ఊపిరాడదు. సిరంజితో నీళ్ళు గొంతులోకి చిమ్మకుండా ముక్కు అంచున ఒక్కో చుక్క పెట్టాలి. రోజూ సెలైన్‌తో కడిగి మందు రాయాలి. ఈగ వాలకుండా చంటిపిల్లలకు కప్పే గొడుగు దోమతెర కొని పెట్టెమీద మూశాను. ఉడికించిన గుడ్డు పచ్చసొన మెదిపి పెట్టమన్నారు. "కోడికి కోడిగుడ్డా! ఏం కర్మమే ఇది" అని అత్త చెంపలు వేసుకుంది, కానీ మెదిపి తినిపించింది ఆమే. ఒళ్ళో పెట్టుకుని, ముక్కు మీద తట్టి, బుజ్జగించి తినిపించేది.

పిండికి వచ్చేవాళ్ళకు ఇదంతా వినోదమైపోయింది. "ఎన్న సరోజక్కా, కోళికి ఐసీయూవా?" "పేషెంట్ చికెన్ సిక్స్టీఫైవ్ ఎప్పుడు?" ఒకావిడైతే కోడి పడుకున్న ఇంట్లో పిండి కొనడం అసహ్యమని నా ముఖం మీదే అనేసి వెళ్ళింది. కోడి ముందుగదిలో ఉంది, పిండి వంటగదిలో ఉంది, చేతులు సబ్బుతో అరిగిపోయేలా కడుగుతున్నాను. ఆవిడ ఇంట్లో కుక్క సోఫామీద పడుకుంటుంది. అది అసహ్యం కాదు కాబోలు.

కాస్త తిప్పుకుంటోందనుకున్నాం. అంతలో ఒక పొద్దున పచ్చసొన ముట్టలేదు. దగ్గరికి వెళితే కుళ్ళిన వాసన. రెక్క ఎత్తి చూస్తే, ఈకల మొదట్లో నల్లగా ఎండి అంటుకున్న పెళ్ళ ఒకటి ఉంది. కడిగినా పోని కాఫీపొడి. నీళ్ళతో నానబెట్టి లాగితే దాని కింద పురుగులు లుకలుకమన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు టర్పెంటైన్ వేసి ఫోర్‌సెప్స్‌తో ఒక్కొక్కటే ఏరారు. నెక్రోటిక్ టిష్యూ అని చచ్చిన కండ కత్తిరించారు. "ఇది సెప్టిసీమియాలోకి పోతే, విషం నెత్తురుకెక్కితే, నేను చేసేదేమీ లేదమ్మా. నొప్పి లేకుండా పడుకోబెట్టేయమంటే చెప్పండి, అది పాపం కాదు" అన్నారు. కోపంగా అనలేదు, మెల్లగా అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. రెండు రోజులు చూస్తానన్నాను. పక్కనే అత్త నిలబడి ఉంది. 

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి పటం దగ్గర పెట్టి దండం పెట్టుకుంది. "తల్లీ, నా చేత్తో నేనే చేసినా ఈ పాపం. ఇది లేసి తిరిగితే ఆడి మాసంలో నీకు కోడిని కోసి పొంగలి పెడతా."

ఆడి అంటే తమిళుల ఆషాఢం, అమ్మవారికి మొక్కులు తీర్చే నెల. మా ఆయనకు కామెర్లు వచ్చినప్పుడూ ఆమె ఇదే మొక్కు మొక్కింది. మరిది కూతురికి టైఫాయిడ్ వచ్చినప్పుడూ ఇదే. నోటికి అలవాటైన మాట, భయమేస్తే అదే వస్తుంది. "ఏందత్తా ఇది! కోడి బతకడానికి కోడిని కోస్తానని ఎవరైనా మొక్కుకుంటారా?" అన్నాను. అప్పుడు అర్థమైంది ఆమెకు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఇలవేల్పుకు బజారు కోడి పనికిరాదు, ఇంట్లో పెంచినదే ఇవ్వాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్క గులాబే.

గులాబి బతికింది. నెమ్మదిగా వాసన పోయింది. నేను అరచేతిలో పెట్టిన మినప్పప్పు ఒకటి పొడుచుకు తింది, అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. కరకరలాడే చర్మం మెత్తబడింది. గాయంలో ఎర్రటి కండ వచ్చింది. "గ్రాన్యులేషన్ ఫస్ట్‌క్లాస్, మీరు నర్సుగా వచ్చేయండి" అన్నారు డాక్టరు. అది పెట్టెలోంచి దూకి కుంటుతూ వంటింట్లోకి వచ్చిన రోజున నేను సంతోషపడాలి కదా? పడనిస్తేగా!

"అమ్మా, మొక్కు మాటేంది? ఆడి వచ్చేసింది" అన్నాడు మరిది. "పెట్ట కూడా తేరుకుంది. అమ్మవారి సొమ్ము ఇంట్లో పెట్టుకుంటే మంచిది కాదు. పిల్లలుండే ఇల్లు."

నేను వంటింట్లోంచి వచ్చాను. "ఆ రోజు చస్తుందని కోస్తానంటివి, ఈ రోజు బతికిందని కోస్తానంటున్నావు. నీకు కావాల్సింది కూర. అమ్మవారి పేరెందుకు?"

"వదినా, నేను చెప్పలా. అమ్మ మొక్కింది."

పిల్లల మాట ఎత్తేసరికి మా ఆయన కూడా తల వంచుకున్నాడు. నాకు ఆయన మీదా కోపమే. అత్త మీదా కోపమే. ఆమె సరిగ్గా తినడం మానేసింది. మొక్కు తప్పితే మనవళ్ళకేమవుతుందోనని భయం, గులాబి వచ్చి పాదాల దగ్గర కూర్చుంటే కళ్ళనీళ్ళు. ఆ ముసలావిడను ఇంత నలిపింది ఎవరు? తాడు భుజాన వేసుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషి. ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు.

ఆడి ఆదివారం వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వెనక మా అమ్మవారి గుడికి అందరం వెళ్ళాం. బయల్దేరేముందు మరిది ఖాళీ సంచి తెచ్చి "పెట్టను ఇందులో వెయ్యండి" అన్నాడు. గులాబిని గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. "కావాలంటే నన్ను కోసుకుని తీసుకుపో" అన్నాను. 

పొంగలి పొంగింది. పూజారి "కోడి ఏదమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అత్త ముందుకు వెళ్ళింది. ముడుపు విప్పి రూపాయి హుండీలో వేసి, అందరికీ వినబడేలా అమ్మవారితో మాట్లాడింది.

"తల్లీ, కొనింది నీకు చెల్లదు. పెంచినదాన్ని నేను ఇయ్యలేను. ఈ వయసులో నాకుండే ఆశంతా ఒకటే, ఆదివారం కోడికూర. అది నీకు ఇచ్చేస్తున్నా. ఇంక చచ్చేదాకా ముట్టను. నీకు చాలకుంటే నన్ను తీసుకో. పిల్లల జోలికి రావద్దు, ఆడ ఇంట్లో ఉండేదాని జోలికీ రావద్దు."

పూజారి ఆమె నుదుట కుంకుమ పెట్టి హారతి ఇచ్చాడు. మరిది సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు గులాబి బాగుంది. వీపు మీద అరచేతి మేర ఈకలు రాలేదు, ఒక రెక్క కిందికే ఉంటుంది, నడక కుంటు. ఎదురింటాయన కుక్కను ఇప్పటికీ కట్టడు. గేటుకు మాత్రం 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు తగిలించాడు. చదువు నేర్చుకోవాల్సింది మా గులాబి అన్నమాట. నేను మా గుమ్మానికి వలతలుపు పెట్టించుకున్నాను. ఆయనతో మాటలు లేవు, ఇక ఉండవు.

మీ ఇంట్లో కోడినో పిల్లినో కుక్క కరిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వంటింటి డబ్బా ఏదీ ముట్టుకోకండి, కాఫీపొడి గానీ పసుపు గానీ. సెలైన్‌తో కడగండి, రెక్కలూ పొట్టా ఎత్తి ఈకల మధ్య వేలితో వెతకండి. కుక్క పన్ను దిగిన చోటు పైకి చిన్న చుక్కలాగే ఉంటుంది. దాన్ని తెరిచే ఉంచి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

మరిది ఇప్పటికీ ఆదివారం ఆదివారం "అమ్మకి" అని ఒక గిన్నె కిందికి పంపిస్తాడు. మూత తీయకుండానే తిప్పి పంపిస్తాను. మొన్న ఆదివారం ఆ వాసనకు ఆమె కళ్ళు గిన్నె వైపు వెళ్ళడం చూశాను.  "ఒక్క ముక్క తినండత్తా, అమ్మవారు ఏమనుకోదు" అన్నాను.

"ఇచ్చేసినాను కదమే" అంది. పెరుగన్నం కలుపుకుని, మొదటి ముద్ద గులాబికి వేసింది.