దుబాసీ ఇల్లు, దొరగారి పేరు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. గోదావరి ఒడ్డున టూరిస్టుల కోసం కట్టిన గదిలో ఒక టచ్ స్క్రీన్ పెట్టారు. యానాం పటం మీద వేలు పెడితే పాత కట్టడాల బొమ్మలు వచ్చేవి. వాటి కథ ఒక ఆడగొంతు చెప్పేది.

మా ఇంటి మీద వేలు పెట్టాను. మా ఇల్లని అలవాటు కొద్దీ అంటున్నాను. నాన్నగారి హయాంలోనే అది చేతులు మారింది. "ఇది ఒక ఫ్రెంచి దొర నివసించిన బంగళా" అంది ఆ గొంతు.

దాన్ని కట్టించింది మా ముత్తాత. ఆయన ఫ్రెంచివాళ్ళకు దుబాసీ. దొర మాట జనానికి తెలుగులో, జనం మాట దొరకు ఫ్రెంచిలో చెప్పేవారు. ఈ బొమ్మల కోసం హైదరాబాదు నుంచి కెమెరాలతో వచ్చినవాళ్ళు గుండ్రటి స్తంభాలు చూసి దొరదని తేల్చేసినట్టున్నారు. వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఆస్తి ఎలాగూ పోయింది, పేరైనా సరిగా ఉండాలని నా పట్టుదల.

ఆ యంత్రం చూసుకునే ఆవిడ దరియాలతిప్ప నుంచి ఆటోలో వచ్చేది. సంగతంతా చెప్పాను.

"ఆయ్, మీరు చెప్పింది నిజమేనండి. కాని దొర బంగళా అంటేనే జనం ఫొటోలు దిగుతున్నారండి."

"ఫొటోల కోసం మా ముత్తాతని చెరిపేస్తారా?"

"నేను చెరపలేదండి బాబూ. నేనొచ్చేటప్పటికే అలా ఉందండి. కాగితం ఏదైనా ఉంటే తెండి, స్కాన్ చేసి పంపుతాను."

కాగితం పట్టుకెళ్తే కరెంటు లేదు. కరెంటు ఉన్న రోజు ఆవిడ సెలవు. మరో రోజు స్కానర్ కదల్లేదు. చివరికి ఒక ఉదయం అన్నీ కుదిరాయి. మా ముత్తాత ఉద్యోగపు పత్రాన్ని ఆవిడ జాగ్రత్తగా అద్దం మీద పరిచింది.

"ఇందులో ఏముందో తెలుగులో కూడా కొట్టాలండి. లేకపోతే హైదరాబాదువాళ్ళు చూడరు. మీరు చదివి చెప్పండి. ఫ్రెంచి మీ ఇంట్లోదే కదండీ."

తెర మీద అక్షరాలు అరచేయంత కనిపిస్తున్నాయి. ఆయన సంతకం ఒక్కటే గుర్తుపట్టాను. నాన్నగారు నేర్పుతానంటే రేపు రేపని తప్పించుకున్నది నేనే.

"ఎక్కడి నుంచి మొదలెట్టమంటారండి?"

"కళ్ళజోడు తేలేదు" అన్నాను.

జేబులో కళ్ళజోడు ఆవిడకు కనిపిస్తూనే ఉంది. పత్రం మడిచి ఇచ్చింది.

ఫ్రెంచి వచ్చిన పింఛనుదారులు అప్పటికి ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఎవరి గుమ్మం ఎక్కినా ఐదు నిమిషాల్లో చదివి పెట్టేవారు. మా ఇంటి కాగితానికి ఇంకొకరిని దుబాసీగా పిలవడానికి నాకు మనసొప్పలేదు. ఆ యంత్రం పాడై తీసేసేదాకా ఆ ఇల్లు దొరగారిదిగానే ఉంది.