యజ్ఞనారాయణ గారి హీబ్రూ పారాయణం

యజ్ఞనారాయణ గారి కంట అక్షరం పడిందంటే నోట పలికి తీరాల్సిందే. షామ్‌బర్గ్‌లో ఆయన కారెక్కితే ఎగ్జిట్ బోర్డులు మొదలు ముందు పోయే ట్రక్కు వెనక రాసిన ఫోన్ నంబరు దాకా వినాల్సిందే. పెళ్లిలో కేకు మీద రాసింది చదివారు. సంతాపసభలో బాత్రూం తలుపు మీద రాసింది కూడా చదివారు. ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ నోరు మెదపని మనిషికి రిటైరయిన ఏడాదికి ఈ జబ్బు పట్టుకుంది. భార్య వసుమతి మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఆఖరికి ఐపాడ్ కొనుక్కుంది.

2010లో మిల్వాకీలో ఒక మ్యూజియానికి డెడ్ సీ దగ్గరి గుహల్లో దొరికిన ప్రాచీన హీబ్రూ మతగ్రంథాల తోలు ముక్కలు వచ్చాయి. రెండువేల ఏళ్ల నాటివి. వసుమతి వెళదామనుకుంటే భర్త కూడా బయల్దేరారు. హీబ్రూ కదా, ఏం చదువుతారులే అని ఆమె ధైర్యం తెచ్చుకుంది. వెంట ఆయన ప్రాణస్నేహితుడు గౌరీశంకర్ గారొకరు. ముప్పై ఏళ్లు కంటి డాక్టరుగా పనిచేసి రిటైరయిన పెద్దమనిషి.

వెలుతురు తగిలితే తోలు పాడవుతుందని హాలంతా మసక చీకటిగా ఉంచారు. జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. యజ్ఞనారాయణ గారు మొదటి అద్దాల పెట్టె ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

“శంకరం, మొదటిది తలుపు లేని గుమ్మం. తర్వాత మేకు. తర్వాత మూడు పళ్ల ఫోర్కు. ఇక్కడ చిల్లు. మళ్లీ మేకు.”

వెనక క్యూ పెరిగిపోయింది. గడ్డం పెద్దాయన ఒకరు ఆయన వేలు ఎడమ నుంచి కుడికి కదలడం రెండు వరసలు ఓపిగ్గా చూసి, హీబ్రూ కుడి నుంచి ఎడమకి చదవాలని మర్యాదగా చెప్పారు. యజ్ఞనారాయణ గారు థాంక్యూ చెప్పి, మొదటి వరస కుడి కొస నుంచి మళ్లీ అందుకున్నారు. వసుమతి నాలుగడుగులు పక్కకి జరిగి, తనకీ ఆయనకీ ఏ సంబంధమూ లేనట్టు మట్టికుండలు చూడసాగింది.

చివరికి సెక్యూరిటీ గార్డు వచ్చింది. ఇంకొక్క మాట వినబడితే బయటికి పంపాల్సి వస్తుందని చెప్పింది. ఆయన నోరు మూసుకున్నారు. వసుమతికి ప్రాణం లేచొచ్చింది.

ఆ నిశ్శబ్దంలో గౌరీశంకర్ గారు గోడ వెంట నెమ్మదిగా నడిచి, ఒక అద్దాల పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు చూశారు.

“రెండువేల ఏళ్లయినా చెక్కుచెదరలేదమ్మా” అన్నారు భక్తిగా.

లోపల ఉన్నది నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు.

వసుమతి భర్త వైపు చూసింది. ఆయన నవ్వలేదు. గబగబా వచ్చి స్నేహితుడి మోచెయ్యి పట్టుకుని తోలు ముక్క వైపు తిప్పారు. అరచెయ్యి విప్పించి, దాని మీద వేలితో కుడి నుంచి ఎడమకి రాయడం మొదలుపెట్టారు. గుమ్మం, మేకు, ఫోర్కు.

కేకు దగ్గర ఆయన పక్కన ఎవరున్నారో, బాత్రూం దాకా వెంట ఎవరొచ్చారో అప్పుడు గుర్తొచ్చింది వసుమతికి. దగ్గరికెళ్లి భర్త చెవిలో అడిగింది.

“మరి ఇంట్లో నాకు షాంపూ సీసా ఎందుకు చదివారండీ?”

“వాడి దగ్గర మాత్రమే చదివితే వాడికి అనుమానం రాదూ? కంటి డాక్టరు వసూ, తన చూపే పోతోందని ఎవరికని చెప్పుకుంటాడు? నాకే పిచ్చి అనుకుంటే గొడవే లేదు.”

ఇంతలో అరచేతిలో చక్కిలిగింతలు పుట్టి గౌరీశంకర్ గారు పకపకా నవ్వారు. గార్డు మళ్లీ బయల్దేరింది. వసుమతి ఒక్క ఉదుటున ఆమెకు అడ్డంగా వెళ్లి, గోడ మీది బోర్డు హాలు మారుమోగేలా చదవడం మొదలుపెట్టింది. గట్టిగా చదివితేగానీ తనకి బుర్రకెక్కదని సంజాయిషీ ఇచ్చుకుంది. గార్డు ఆమెను మర్యాదగా బయటికి నడిపించింది.

ముప్పావుగంట తర్వాత మిత్రులిద్దరూ లాబీలోకి వచ్చారు. గౌరీశంకర్ గారు అరచెయ్యి దేనికీ తగలకుండా జాగ్రత్తగా పైకెత్తి పట్టుకున్నారు.

“ఏమని రాసుంది అన్నయ్యగారూ?” అంది వసుమతి.

“ఏమోనమ్మా. మేకులు మాత్రం చాలా ఉన్నాయి” అన్నారాయన తృప్తిగా.