లాకుల రేవులో కొంగ

నీటి పక్షుల్ని ఫొటో తీయాలనుకునేవాడికి నోరు ఉండకూడదు. నాకు ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆఫీసులో అరిచి అరిచి, రిటైరయ్యాక ఆ గొంతుతోనే కాలవ గట్టుకి వెళ్ళేవాణ్ణి. "మీరు కాసేపు ఊరుకోండి, అవే వస్తాయి" అనేది మా ఆవిడ.

ధవళేశ్వరంలో మా ఇంటి నుంచి పాత లాకుల రేవు పది నిమిషాల నడక. పొద్దున్నే ఇద్దరం వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాళ్ళం. కెమెరా నాది, కళ్ళు ఆవిడవి. "అదిగో, ఆ గుర్రపుడెక్క వెనకాల" అనేది. నేను వెతుక్కుని వెతుక్కుని లెన్సు తిప్పేసరికి అది కాస్తా ఎగిరిపోయేది. అప్పుడు ఇంకాస్త అరిచేవాణ్ణి.

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో జరిగింది ఇది. అప్పటికే ఆవిడకి కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింటోందని డాక్టరు చెప్పారు. పక్కల చూపు తగ్గింది, ఎదురుగా ఉన్నది మాత్రం బాగానే కనబడేది. ఆ పొద్దున నేను బ్యాటరీ మార్చుకుంటున్నాను. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళు దీపాలు పెట్టి వదిలిన అరటి దొప్పలు కొట్టుకొచ్చి మెట్ల పక్కన ఆగి ఉన్నాయి. చేపలకని చల్లిన మరమరాలు కొన్ని ఆ దొప్పల్లో పడి ఉన్నాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని గుంజింది. నేను తలెత్తేసరికి ఒక గుడ్డికొంగ చేపని మింగుతోంది. అదే, మట్టిరంగు ఒళ్ళు, ఎగిరితే తెల్లటి రెక్కలు కనబడతాయే, ఆ కొంగ. దగ్గరికి వెళ్ళేదాకా కదలదని దానికా పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు ఇంట్లో నేను పలకను.

ఆ సాయంత్రం మా బావమరిది ఇంట్లో కాఫీ తాగుతుంటే ఆవిడ మొదలుపెట్టింది. "ఈ పొద్దున కొంగ ఏం చేసిందనుకున్నావురా తమ్ముడూ! దొప్పలోంచి మరమరాల గింజ ముక్కుతో తీసి నీళ్ళ మీద పెట్టింది. దానికోసం వచ్చిన చేపని పట్టేసింది. అంతటితో అయిందా, ఇంకా..." అని ఏదో చెప్పబోయింది.

నేను అడ్డం తగిలాను. నా బుద్ధి గడ్డి తింది. "మీ అక్కయ్యకి చూపు తగ్గుతోంది కదా, ఏవేవో కనబడుతుంటాయిలే" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు చెప్పులు వేసుకుని పిలిస్తే, "మీరు వెళ్ళండి, నాకు పనుంది" అంది. ఆ తర్వాత ఎప్పుడూ పనే. ఏడాది తిరిగేసరికి ఎదుటి చూపు కూడా పోయింది. వెలుగు తెలుస్తుంది, అంతే.

ఆ మెట్ల మీద ఒక్కణ్ణే కూర్చోవడం మొదట్లో చచ్చేటంత కష్టంగా ఉండేది. అదిగో అనేవాళ్ళు లేరు. అరవడానికీ ఎవరూ లేరు. గంటలకొద్దీ నోరు మూసుకుని కూర్చుంటే పక్షులన్నీ నిజంగానే వచ్చేవి. ఏం లాభం? ఇంటికెళ్ళి "ఇవాళ నీటికాకులు వచ్చాయి" అంటే "ఆహా" అనేది. ఆ "ఆహా" వినలేక చెప్పడం మానేశాను. నాకు కావలసింది ఒక్కటే ఫొటో. ఆవిడ ఆరోజు చూసింది నిజమేనని బావమరిది ముందు పెట్టాలి. నా మాట నేను వెనక్కి తీసుకోవాలి.

రెండేళ్ళు తిరిగినా ఆ కొంగ మళ్ళీ ఆ పని చేయలేదు. ఈ వేసవిలో ఓపిక నశించి ఒక పొట్లం మరమరాలు కొనుక్కెళ్ళి నేనే నీళ్ళలో చల్లాను. చేపలు మూగాయి, కొంగ వచ్చింది, ముక్కున చేప, పక్కన తేలుతున్న మరమరాలు. బ్రహ్మాండమైన ఫొటో! పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను.

బీరకాయ చెక్కు తీస్తున్న చెయ్యి ఆపి, "మరమరాలు ఎవరు వేశారండీ?" అని అడిగింది.

అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు. "నేనే" అన్నాను.

"అయితే చేపని పట్టింది మీరు. నా కొంగ కాదు" అని మళ్ళీ బీరకాయ అందుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఫొటో అప్పుడే చెరిపేశాను.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మొన్న సోమవారం మర్నాడు, మంచు ఇంకా విడలేదు, మెట్ల మీద నేను తప్ప ఎవరూ లేరు. దొప్పలు గుర్రపుడెక్కలో ఇరుక్కుని ఉన్నాయి. కొంగ వచ్చి ఒక దొప్ప పక్కన నిలబడింది. మెడ చాచి లోపల పొడిచింది. ముక్కు చివర తెల్లటి గింజ.

నా చెయ్యి కెమెరా మీదికి వెళ్ళాల్సింది. జేబులోకి వెళ్ళింది. ఇంటికి ఫోన్ చేశాను.

"ఏంటండీ, ఏమైంది?" అంది కంగారుగా.

"దొప్పలోంచి గింజ తీసింది" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. "నీళ్ళ మీద పెట్టింది."

గింజ మెల్లగా పక్కకి జరిగిపోతోంది.

"కొట్టుకుపోతోందే" అన్నాను.

"పోనివ్వండి. మళ్ళీ తెచ్చుకుంటుంది" అంది. "రెండు అడుగులు వేసి, అదే గింజని తీసుకొచ్చి, ముందు పెట్టిన చోటే పెడుతుంది. ఆరోజు మూడుసార్లు పెట్టింది. చూడండి."

కొంగ రెండు అడుగులు వేసింది. ఆ గింజనే అందుకుంది. వెనక్కి తెచ్చి, ముందు పెట్టిన చోటే పెట్టింది.

ఆ సాయంత్రం నేను నోరు మూసుకుని ఉంటే, ఆవిడ చెప్పి ఉండేది ఇదే. మూడేళ్ళు లోపలే దాచుకుంది. నా కళ్ళు మసకబారాయి. చేప ఎప్పుడు వచ్చిందో, కొంగ ఎప్పుడు పొడిచిందో సరిగ్గా చూడలేదు. రెక్కలు తెల్లగా విప్పుకుని అవతలి గట్టుకి పోవడం మాత్రం కనబడింది.

"పట్టేసింది" అన్నాను.

"ఫొటో తీశారా?"

కెమెరా మెడలో వేలాడుతోంది. లెన్సు మూత కూడా తీయలేదు. "లేదు" అన్నాను.

"అయితే మిమ్మల్ని ఎవరూ నమ్మరండీ."

"నువ్వు నమ్ముతావుగా?"

"నేను చూసిందే కదండీ" అంది. "నేను నమ్మడమేంటి?"