వేళ్లతో చదివిన శుభలేఖ

గుమ్మం ముందు చెప్పులు విడిచి, చేతికర్ర మడిచి పట్టుకుని ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట ఇది: "అక్కా, నా పెండ్లి కార్డు నేనే చదువుకునేటట్టు చేసిస్తరా?"

అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఊరినుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టల్‌లో ఉంటూ సర్కారు కొలువుకు చదువుతున్నాడు. పక్కన నిలబడ్డ అమ్మాయే పెళ్లికూతురు. పుస్తకాలన్నీ అతని కోసం తన గొంతుతో చదివి రికార్డు చేసి ఇచ్చేదట.

చిక్కడపల్లిలో మా ముందుగదిలోనే నేను శుభలేఖలు చేత్తో తయారుచేస్తాను. బడి మొహం చూడలేదు. చిన్నప్పటి జబ్బు వల్ల నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఆ అక్షరాలే ఇవాళ పదిమంది పెళ్లిళ్లకు పనికొస్తున్నాయంటే అది భగవంతుడి దయ.

"మిగిలినయన్ని ప్రెస్సుల కొట్టిస్తున్నం. ఇదొక్కటే చేతిది," అంది అమ్మాయి. "అత్తమ్మ దీన్నే గుడిల పెడ్తది."

"మా ఇంటికి ఏ కార్డొచ్చినా నాకు వేరేటోళ్లు చదివి చెప్పుడే," అన్నాడతను. "మా అమ్మకు గూడ సదువు రాదు. ఇదన్న నేను చదివి ఆమెకు ఇనిపియ్యాలె."

"నీ గొంతు ఇంటే గుడిల పంతులు పారిపోతడు," అంది అమ్మాయి.

"నువ్వు రికార్డు చేసిన పాఠాల కన్న మంచిగనే ఉంటది లే. అవి ఇంటే నిద్రనే."

నారాయణగూడలో మందపాటి కాగితాలు తెచ్చాను. అతను తన చిల్లుల పలక, పిడి ఉన్న సూది పట్టుకొచ్చి మా వరండాలో కూర్చుని బ్రెయిలీ చుక్కలు పొడిచాడు. నేను చుట్టూ మామిడాకుల అంచు గీసి, ఎడమవైపు మామూలు అక్షరాలు రాసి, కుడివైపు ఆ చుక్కల కాగితం మైదా జిగురుతో అతికించాను.

అతికించిన కార్డులు వంకర పోకుండా బరువు పెట్టడం మా అత్తగారి పని. జపం అయ్యాక కార్డుల మీద పీట వేసి, దాని మీద రాతి కల్వం ఎత్తి పెడతారు. నేను వంటింట్లో ఉండగా ఆ రోజూ అలాగే పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఊరినుంచి వచ్చిన అబ్బాయి తల్లిని వెంటబెట్టుకుని ఇద్దరూ వచ్చారు. ఇక్కడినుంచి తిన్నగా గుడికే ప్రయాణం. కార్డు అతని చేతిలో పెట్టాను. వేళ్లు కాగితం మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు వెళ్లి ఆగిపోయాయి.

"చుక్కలు లేవక్కా. అణిగిపోయినయి."

"అయ్యో నాయనా, నా పాడు చేతులు!" అని అత్తగారు గోడకు జారగిలబడ్డారు.

తల్లి మాత్రం వెంటనే సర్దేసింది. "పోనీ తియ్ బిడ్డ. కోడలు సదువుతది, ఇంటం."

అతను తల దించుకున్నాడు. పుట్టినప్పటినుంచి వింటున్న మాట మళ్లీ వచ్చి తగిలినట్టుంది. దేవుడి గది వైపు చూసి దణ్ణం పెట్టడం తప్ప నాకేమీ తోచలేదు.

కాసేపటికి అతనే నవ్వాడు. "మీరేం పరేషాన్ కాకుండ్రి పెద్దమ్మా. మీ రాయి గట్టిది. అక్కా, ఇంకో కాగితం ఉన్నదా?"

ఉంది. పలక అతని సంచిలోనే ఉంది. నేల మీద కూర్చుని మొదలుపెట్టాడు. టక్, టక్‌మని సూది చప్పుడు. తల్లి అతనెదురుగా గొంతుక్కూర్చుంది. చిన్నతనంలోనే అతను దూరపు బడిలో, హాస్టల్‌లో చేరాడట. కొడుకు రాస్తుంటే చూడటం ఆమెకు అదే మొదలు.

"గిట్లనా రా నువ్వు రాసుడు? ఉల్టా పోతున్నవేంది?"

"ఎనకకెల్లి పొడిస్తే ముందట లేస్తయమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని చెయ్యి కదిలినవైపల్లా చూస్తూ ఉంది.

రాయడం అయ్యాక కాగితం తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "శ్రీరస్తు, శుభమస్తు" అని వేలు జరుపుతూ మెల్లగా చదివాడు. ముహూర్తం, వధువు పేరు, తన పేరు, ఆహ్వానించేవారి దగ్గర తల్లి పేరు.

"నా పేరు గూడ ఉన్నదా? ఏడ?"

ఆమె వేలు పట్టుకుని అక్కడ ఆనించాడు.

"ఏం సమజైతలేదు కొడకా. ఇసుక లెక్క ఉన్నది." ఏడుస్తూనే నవ్వింది. "మల్ల చదువు."

చదివాడు. ఈసారి జిగురు లేదు, బరువు లేదు. అతని ముందే పీట మీద ఉంచి, అంచుల వెంట పసుపు దారంతో కాగితాన్ని కార్డుకు కుట్టాను. అత్తగారు చుక్కలకు తగలకుండా నాలుగు మూలలా పసుపు అద్దారు. నేను కుట్టినంతసేపూ తల్లి "మల్ల" అంటూనే ఉంది, అతను చదువుతూనే ఉన్నాడు. చివరికి అతని వేలు ఆహ్వానించేవారి వరస దగ్గరకు వచ్చేసరికి, అతనికన్నా ముందే ఆమె తన పేరు తనే పైకి చెప్పుకుంది.