ముదురు ఆకుపచ్చ చుక్క

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని పాఠంగా చెబుతున్నాను. ఇవాళ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక క్లాసులో అడుగు పెట్టలేను. వినండి. నా పేరు మాత్రం అడగకండి.

నల్లగొండలో జర్నలిజం విద్యార్థులకు అంకెలను బొమ్మలుగా, పటాలుగా చూపించడం నేర్పుతాను. ఏటా ఒక ఊరి పటం తెరమీద వేసి, "ఇది ఒక విద్యార్థిని చేసిన తప్పు" అంటాను. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, సిగ్గులేకుండా.

ఆ విద్యార్థిని సైదమ్మ. గొర్రెలు కాసే ఇంటినుంచి కాలేజీదాకా వచ్చిన మొదటి పిల్ల. రాష్ట్రం వచ్చిన కొత్తలో, వాళ్ల ఊరికి నల్లా నీళ్లు రాకముందు, ఊళ్లోని బోరింగులన్నింటి నీళ్లూ సీసాల్లో పట్టి పరీక్ష చేయించింది. ఏ బోరింగులో ఫ్లోరైడ్ ఎంత ఉందో పటం గీసి పంచాయతీ గోడకు అంటించాలని అనుకున్నాం.

నేనప్పుడే హైదరాబాద్‌లో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. ఒకే రంగు వాడాలి, తక్కువకు లేత, ఎక్కువకు ముదురు. అక్కడ నేర్చుకున్నది అదే. ఆకుపచ్చ వేయమన్నాను. సైదమ్మ లేచి నిలబడింది.

"సార్, మా ఊర్ల ఆకుపచ్చ రంగేసిన బోరింగంటే తాగే నీళ్లు. ఎర్రరంగేస్తే తాగొద్దని. గీ పటం జూస్తే ఉల్టా అనుకుంటరు."

"కింద రంగుల వివరం రాస్తాం కదా. చదువుకుంటారు."

"మా అవ్వకు సదువొస్తదా సార్? జర ఎర్రరంగేద్దాం."

అందరి ముందూ! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పడమా? ఒళ్లు మండిపోయింది. "పాఠం నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. కూర్చుంది. నేను చెప్పిన రంగే వేసింది.

బోరింగుల మీది పాత రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి. గోడమీద పటం కొత్తది, పైగా కాలేజీ పిల్లలు వేసింది. ఆ ఎండాకాలం ఊరివాళ్లు బిందెలు పట్టుకుని ముదురు ఆకుపచ్చ చుక్క ఉన్న బోరింగుకే పోయారు. అన్నింటిలోకీ చెడ్డ నీళ్లవి. సైదమ్మ అవ్వ కూడా అవే తాగింది. అప్పటికే ఆమె మోకాళ్లు వంగవు. ఆ నీళ్లు ఇంకెంత కీడు చేశాయో నాకు తెలియదు. తెలుసుకుందామని వెళ్లానా? లేదు.

హాస్టల్‌నుంచి సెలవులకు వెళ్లిన సైదమ్మ అది చూసి, పటాన్ని తన చేతులతోనే చింపేసింది. మర్నాడు ఊరిపెద్దలు ఆమెను వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ గదిలో ఆమె నా పక్కనే నిలబడింది.

"గీ రంగెవరు పెట్టమన్నరు?" అని ఒకాయన అడిగాడు.

సైదమ్మ నావైపు చూసింది. నేను చెబుతానని నమ్మింది.

"పిల్ల తెలియక వేసిందండీ. నేను చూసుకోవాల్సింది," అన్నాను.

ఎంత మంచి గురువునో! వాళ్లకు నామీద జాలి కూడా కలిగింది. సైదమ్మ తల వంచుకుని బయటికి నడిచింది. ఊళ్లో అందరూ ఆమెనే తిట్టారట. వారం తిరక్కుండా చదువు మానేసింది. ఇప్పుడు కల్వకుర్తిలో ఏదో షాపులో పెళ్లిపత్రికలు తయారుచేస్తుందని విన్నాను.

ఎందుకలా అన్నాను? నాది కాంట్రాక్టు ఉద్యోగం, పోతుందని భయపడ్డానా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆమె చెప్పిందే సరైనదని, నేను విననందుకే ఇదంతా జరిగిందని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంత చిన్న కారణానికి ఒక పిల్ల బతుకును పాడుచేశాను.

నిన్న క్లాసులో పటం వేసినప్పుడు ఒకమ్మాయి అడిగింది, ఆ రంగు తప్పని అప్పుడు ఎవరూ చెప్పలేదా అని. గంట కొట్టేదాకా తెరవైపే తిరిగి నిలబడ్డాను.

సైదమ్మను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. రేపు మళ్లీ అదే క్లాసు, అదే అమ్మాయి ముందు వరసలో కూర్చుంటుంది. నోరు పెగులుతుందో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను.

చెప్పింది. సైదమ్మ చెప్పింది. ఆకుపచ్చ నేను వేయించాను.