బాలింత గది అద్దాలు

పురిటికి నౌపడ నుంచి వచ్చిన అక్క కోసం పలాసలోని మా ఇంట్లో వెనక గది ఖాళీ చేశాం. ఆ గదికి అల్యూమినియం జారుడు కిటికీలు. చలి ముదిరేసరికి, తెల్లారితే చాలు, అద్దాలకు లోపలివైపు నీళ్లు కారేవి. కిటికీ గట్టు మీద నిలిచి, అక్కడి నుంచి మంచం మీది బొంతలోకి దిగేవి. నెల నిండని మేనకోడలికి ముక్కు దిబ్బడ. రెండు గుక్కల పాలు తాగేది, ఊపిరాడక వదిలేసి ఏడ్చేది.

నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. పిల్ల స్నానానికని గదిలోనే పెట్టిన వేడినీళ్ల డేగిసా, చీకటిపడ్డాక పిల్ల బట్టలు బయట ఉండకూడదని లోపల తాడు మీద వేసిన తడిగుడ్డలు, అక్క, పిల్ల, తోడు పడుకునే అమ్మ, ముగ్గురి ఊపిరి. ఇంత ఆవిరికీ బయటికి దారి లేదు. చల్లటి అద్దం తగిలితే నీరవుతుంది. ఇందులో వాదించడానికేమీ లేదు. అమ్మ వాదించింది. ఆమె లెక్కలో అది బయట కురిసే మంచు, సందుల్లోంచి లోపలికి దిగుతోంది. పాత చీర చింపి సందుల్లో కుక్కింది. మర్నాడు నీళ్లు ఇంకా పెరిగాయి. ఇంకో చీర చింపింది.

ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి, సన్‌షేడ్ కింద అద్దాన్ని తడిమి చూడమన్నాను.

"పొడిగా ఉంది కదమ్మా! మరి మంచెక్కడిది?"

"అదే సెప్తన్నాను. ఉన్నదంతా లోపలికి వచ్చీసింది. ఇంకా గట్టిగా కుక్కాల."

"ఏటమ్మా నువ్వు!"

"ఏటేటి? మీ ఇద్దర్నీ ఈ గదిలోనే పెంసినాను. అప్పుడు ఏ కిటికీ ఏడ్సింది?"

"అప్పుడు చెక్క తలుపులు. వేలు దూరేంత సందులు."

"అందుకే నీకు ఏడాదంతా జలుబు."

లోపలి నుంచి అక్క అరిచింది. "ఒరే తమ్ముడూ, మీ గొడవ తేలినాక కాస్త మంచం జరపండిరా. నా ఈపు తడిసిపోతంది."

మంచం జరిపాను. కిటికీ మాత్రం అమ్మ తీయనివ్వలేదు. పొద్దున తీస్తే జీడి ఫ్యాక్టరీల పొగ, సాయంత్రం తీస్తే మంచు కొడుతుందట. నేను తీయడం, ఆమె మూయడం.

ఒక మధ్యాహ్నం పిల్లకు స్నానం చేయించి సాంబ్రాణి వేసింది. పొగకు పిల్ల దగ్గింది. అంతే, అమ్మే గుడ్డలు పీకి కిటికీ బార్లా తీసింది. మంచుకు మూసే మనిషి పొగకు తీస్తుందన్నమాట! ఆ రోజు నుంచి పొగ వాసన పూర్తిగా పోయేదాకా తీసే ఉంచాలని పట్టుబట్టాను. సాంబ్రాణి వేసే ముందే తల్లీపిల్లల్ని ముందు గదిలోకి పంపేవాణ్ని. డేగిసా వంటింట్లోకి, తాడు గ్రిల్ వేసిన వసారాలోకి మార్చాను. వసారాకు పైకప్పు ఉంది కాబట్టి అమ్మ దానికి ఒప్పుకుంది. గుడ్డలు మాత్రం సాయంత్రం కాగానే మళ్లీ కుక్కేది.

కొద్దిరోజులకు అద్దం మూలల్లో పలచటి మసక మాత్రం మిగిలింది. గట్టు పొడిగా ఉంది. అమ్మ దాని మీద చెయ్యి రాసి నా వైపు తిరిగింది.

"సూసినావా? గుడ్డలెట్టబట్టే ఆగింది."

నోరు తెరిచాను. అక్క ఒళ్లో పిల్ల వదలకుండా పాలు తాగుతోంది, ముక్కు శబ్దం లేదు. మాట్లాడొద్దని అక్క సైగ చేసింది.

మధ్యాహ్నం సాంబ్రాణి వేళ దాకా ఆగి, గుడ్డలు పీకాను.